ఐదు కిలోమీటర్ల గీత

కొలాల్ బాలికల హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పే అపొండికి ఆదివారం వస్తే రెండు పనులుండేవి. పొద్దున ప్రార్థనకి వెళ్లడం, మధ్యాహ్నం డ్రోన్ ఎగరేయడం. మొదటిది అప్పుడప్పుడూ ఎగ్గొట్టేది గానీ రెండోదాన్ని ఎగ్గొట్టిన పాపాన పోలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి, పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయేనాటికి ఆరేళ్ల వాడైన తమ్ముడు ఒబుయాని తానే పెంచి పెద్దచేసి, అచొలా అనే పిల్లని తెచ్చి పెళ్లి చేసింది. ఆ బాధ్యత తీరాక తన కోసం తాను పెట్టుకున్న సరదా అదొక్కటే.

కిసుము బజారులో ఏరుకొచ్చిన మోటార్లు, పాడైన ఫోన్లలోంచి ఊడదీసిన కెమెరాలు, వెల్డింగ్ షాపువాడు కోసిచ్చిన ముక్కలు కలిపి తన చేత్తోనే డ్రోన్లు కట్టుకునేది. ఆమెతో పాటు ఆ వెల్డరు, ఒక దర్జీ, మందుల షాపులో పనిచేసే ఒకాయన, మొత్తం నలుగురు. సరస్సు ఒడ్డున చేపలు ఎండబెట్టే వలల పైనుంచి పందెం వేసుకుని ఎగరేసేవాళ్లు. ఎండబెట్టుకునే ఆడవాళ్లు కిందనుంచి కేకలేసేవారు. "ఒసే, టీచరమ్మ తూనీగొచ్చింది! ఒమేనా చేపల మీద గుడ్డ కప్పండే, ముక్కు పెట్టేస్తుంది!" అపొండి కావాలనే వాళ్ల తలల మీదికి ఒక చుట్టు తిప్పేది. తెర మీద తన ఊరు అరచేతిలో ముగ్గులా కనిపిస్తుంటే వారం రోజుల అలసట దిగిపోయేది.

ఊళ్లో ఒక కంకర రన్‌వే ఉంది. మంగళవారం, శుక్రవారం చిన్న విమానం ఒకటి వచ్చి పోతుంది. విమానాల చోటుకి ఐదు కిలోమీటర్ల లోపల అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడదని చట్టం. ఆ రన్‌వే ఊరి మధ్యన ఉండటంతో, దాని చుట్టూ గీత గీస్తే స్కూలు, బజారు, రేవు, ఊరి అఖాతంలో సగం, అన్నీ లోపలికే వచ్చేశాయి. కొండ మీది టూరిస్టు లాడ్జి కూడా ఆ గీత లోపలే ఉంది. లాడ్జికి పర్మిట్ వచ్చింది. వీళ్లు నలుగురూ కలిసి నైరోబీలోని విమానయాన ఆఫీసుకి ఒక అర్జీ పెట్టుకున్నారు. సరస్సు మీద ఒక పక్కగా, అరవై మీటర్లు దాటకుండా, ఆదివారం రెండు నుంచి నాలుగు వరకు ఎగరేసుకుంటాం, ముందుగా ఫోన్ చేసి మరీ ఎగరేస్తాం, ఎవరికి చెయ్యాలో చెప్పండి అని. పదకొండు నెలలైనా జవాబు లేదు.

జూన్లో పోలీసులొచ్చి నలుగురి డ్రోన్లనీ గోనెసంచిలో వేసుకున్నారు. ఆ క్షణానే లాడ్జి డ్రోన్ నెత్తిమీద తిరుగుతూ టూరిస్టుల పడవలకి ఫొటోలు తీస్తోంది. అపొండి వేలెత్తి చూపించింది.

"మరి దాన్నీ దించండి అఫాండే," అంది, ఆఫీసర్లని పిలిచే మర్యాద వదలకుండానే.

ఇన్‌స్పెక్టర్ ముసెంబి కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు. "దానికి కాగితం ఉంది టీచర్. మీవాటికి రెక్కలే ఉన్నాయి."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అపొండికి మాత్రం ఒళ్లు మండింది.

ఇది జరిగిన రెండు నెలలకి గాలి తిరిగింది. సరస్సు నడిమధ్యన ఎక్కడో తేలుతున్న గుర్రపుడెక్క అంతా ఒక్క రాత్రిలో కొట్టుకొచ్చి కొలాల్ అఖాతాన్ని మూసేసింది. సోమవారం తెల్లవారకముందే వలలు తీయడానికి వెళ్లిన పడవలన్నీ మధ్యాహ్నానికి ఎలాగో ఒడ్డు చేరాయి. ఒబుయా పడవ ఒక్కటే రాలేదు. ఆ పడవలో ఒబుయాతో పాటు అయియెకో ఉన్నాడు. ఏభై దాటిన మనిషి, ఒబుయాకి వల విసరడం నేర్పింది ఆయనే.

మంగళవారం పదింటికి అపొండి క్లాసులో ఉండగా ఫోన్ మోగింది.

"అక్కా, నేను."

"ఎక్కడ చచ్చావురా!"

"చచ్చే చోటే ఉన్నాం. ఎటు చూసినా ఆకే. ఇంజను ఫ్యానుకి చుట్టేసుకుంది, కదలట్లేదు. ఆకుకూరకి కొదవ లేదు గానీ, ఉగాలి ముద్ద ఉంటే పంపించు." తనే నవ్వి, వెంటనే గొంతు తగ్గించాడు. "అయియెకోకి బాలేదక్కా. ఆకు నరకబోతే కత్తి జారి పిక్క తెగింది. ఆ మురికి నీళ్లలో తడిసి కాలు వాచిపోయింది. ఒళ్లు పెనంలా కాలుతోంది."

"ఒడ్డు ఎటుందో తెలుస్తోందా? కొండ కనిపిస్తోందా?"

"ఆకు నా నడుం దాకా ఉంది. లేచి నిలబడితే కొండ కనిపిస్తది గానీ పడవ నిలకడగా లేదు, ఆకుతో పాటే తిరుగుతోంది. పొద్దున ఎడమ పక్కనుంది, ఇప్పుడు…"

అంతే. ఛార్జింగ్ అయిపోయింది.

ఆ సాయంత్రం నాలుగు పడవలు, బుధవారం తొమ్మిది పడవలు బయల్దేరాయి. ప్రతిదీ రెండు మూడు వందల గజాలు పోయి ఆగిపోయింది. నరికిన చోట ఆకు మళ్లీ కలుసుకుంటుంది. పడవలో కూర్చున్నవాడికి ఆకుగోడ తప్ప ఇంకేమీ కనిపించదు. కొండెక్కి దుర్భిణీతో చూసినా పచ్చటి మైదానమే. హెలికాప్టర్ కావాలని జిల్లా ఆఫీసుకి కబురు పెడితే, అది వేరే పని మీద దూరం వెళ్లిందని, శనివారం లోపు కష్టమని చెప్పారు.

గురువారం పొద్దున స్టేషను తలుపులు తీసేసరికి అపొండి, అచొలా అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"అఫాండే, నా డ్రోన్ ఒక్క గంట ఇప్పించండి. పైకి లేపితే ఎక్కడున్నారో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. మీరే పక్కన నిలబడండి. అయ్యాక మళ్లీ సంచిలో వేసుకోండి."

ముసెంబి చెడ్డవాడు కాదు. బుధవారం తనూ పడవెక్కి వెళ్లి సాయంత్రం దాకా ఆకు నరికొచ్చాడు. అరచేతుల బొబ్బలకి ఇంకా గుడ్డ కట్టుకునే ఉన్నాడు.

"అది కేసు సామాను టీచర్. కోర్టు సీలు పడింది. నేను పీకితే నా ఉద్యోగం పోద్ది."

"పీకకపోతే నా తమ్ముడు పోతాడు."

ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "నైరోబీకి ఫోన్ చెయ్యి. వాళ్లు ఊ అంటే ఆ సీలు నా పళ్లతో కొరికి తీస్తా."

చేసింది. అరగంట సంగీతం వినిపించాక ఒక కుర్ర గొంతు ఎంతో మర్యాదగా పలికింది. "అత్యవసర అనుమతికి వేరే ఫారం ఉంది మేడమ్. జిల్లా అధికారి లేఖ జతచెయ్యాలి. మీ పైలట్ సర్టిఫికెట్ నంబరు చెప్తారా?"

"లేదు బాబూ. పరీక్షకి మీరే పిలుస్తామన్నారు. ఏడాది నుంచీ పిలవలేదు."

"సర్టిఫికెట్ లేకపోతే ఫారం ముందుకి పోదు మేడమ్."

"ఇద్దరు మనుషులు సరస్సులో చచ్చిపోతున్నారయ్యా!"

"అయ్యో. చాలా బాధాకరం మేడమ్. మీకు ఇంకేమైనా సహాయం కావాలా?"

అక్కడినుంచి ఇద్దరూ మోటారుసైకిల్ మాట్లాడుకుని కొండ మీది లాడ్జికి వెళ్లారు. మేనేజరు వాళ్లని కూర్చోబెట్టి టీ తెప్పించాడు. డ్రోన్ పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి తెరిచి చూపించాడు కూడా. కొత్తది, మెరుస్తోంది. పక్కనే నిండా ఛార్జి చేసిన బ్యాటరీలు రెండు. కానీ దాన్ని ఎగరేసే కుర్రాడు చెల్లెలి పెళ్లికని మొంబాసా వెళ్లాడు. పర్మిట్ అతని పేరు మీద ఉంది.

"నాకివ్వండి, నేను ఎగరేస్తా."

"మీరు ఎగరేస్తే మా పర్మిట్ రద్దవుతుందమ్మా. పైవాళ్లని అడిగాను, వద్దన్నారు. నన్ను క్షమించండి."

పెట్టె ఆమె చేతికి జానెడు దూరంలో ఉంది. లాక్కుని పరిగెత్తితే ఏమవుతుందని ఆలోచించింది. గేటు దగ్గర ఇద్దరు కాపలావాళ్లున్నారు. వాళ్లలో ఒకడు తన దగ్గర చదువుకున్న అమ్మాయి అన్న. టీ ముట్టుకోకుండా లేచింది.

 కొండ దిగి కిందికొచ్చాక అచొలా అంది, "వదినా, స్కూల్లో పిల్లలకి చూపించేది ఒకటుంది కదా, తాడు కట్టి?"

ఉంది. గాలి ఎలా పైకి లేపుతుందో చెప్పడానికి అపొండి బల్లకి తాడుతో కట్టి గజం ఎత్తున నిలబెట్టే చిన్న డ్రోన్ చట్రం అది. కెమెరా లేదు, దూరం పోయే రేడియో లేదు. పన్నెండు నిమిషాలకి మించి నిలవని బ్యాటరీ ఒకటుంది. ప్రయోగశాల తలుపు వేసుకుని కూర్చుంది. ఇంట్లో డబ్బాల అడుగున మిగిలిన ముక్కలన్నీ అచొలా బుట్టలో మోసుకొచ్చింది. టంకం వేస్తుంటే తొందరలో రెండుసార్లు తీగ తప్పు చోట అంటుకుంది. మూడోసారి అచొలా ఆమె మణికట్టు రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

ఒంటిగంటన్నరకి రేవు చివర, చేపలు దించే సిమెంటు గట్టు మీద నిలబడ్డారు. అపొండి రన్‌వే కాపలాదారు నాషోన్‌కి ఫోన్ చేసింది. ఆ రన్‌వేకి ఉన్న ఏకైక ఉద్యోగి ఆయనే. మేకల్ని తోలడం, గాలి వాటం చూపే గాలిసంచి సరిచెయ్యడం ఆయన పని.

"నాషోన్ బాబాయ్, ఇవాళ విమానం ఏమైనా ఉందా?"

"గురువారం ఏం విమానమమ్మా? నేనూ నా మేకలూ తప్ప ఎవరూ లేరు."

"నేను ఎగరేస్తున్నా. సరస్సు మీద, యాభై మీటర్లకి మించను. పది నిమిషాలే. ఏదైనా వస్తే వెంటనే చెప్పు."

"ఎగరెయ్ తల్లీ. దేవుడు నీకు కళ్లివ్వాలి."

డ్రోన్ లేచింది. అచొలా తెర మీద ఎండ పడకుండా తన పైగుడ్డ అడ్డం పట్టుకుంది. చేతిలో సిరాపెన్ను ఉంది. తెర నిండా ఆకే. అక్కడక్కడా ఊదారంగు పూలు, తెల్లటి కొంగలు, ఒకచోట నీటిగుర్రం వీపు. మూడు నిమిషాలు. నాలుగు. బొమ్మ మధ్యమధ్యలో చారలు చారలుగా చెదిరిపోతోంది.

"అదిగో! నీలంగా… వదినా, ఎడమకి!"

పడవ మీద కప్పుకునే నీలం పట్టా. దాని పక్కన ఒబుయా, మోకాళ్ల మీద ఉండి, చొక్కా విప్పి ఒంటిచేత్తో పిచ్చివాడిలా ఊపుతున్నాడు. పడవ అడుగున ఇంకో మనిషి పడుకుని ఉన్నాడు. అతను కదలలేదు. అపొండి ఇంకాస్త కిందికి దించింది. అప్పుడు అతని చెయ్యొకటి మెల్లగా పైకి లేచింది.

"బతికున్నారు! ఇద్దరూ బతికున్నారు!" అచొలా ఏడుస్తూనే తెర మూల నుంచి అపొండి చదువుతున్న అక్షాంశ, రేఖాంశాల అంకెలన్నీ మోచేతి మీద రాసుకుంది.

ఎక్కడున్నారో తెలిసింది. ఎలా చేరాలో తెలియలేదు. పడవకి కొద్ది దూరంలో ఆకుల మధ్య సన్నటి నల్లగీత కనిపించింది. నీళ్లు! అది తూర్పుకి తిరిగి మెలికలుగా పోతోంది. ఒడ్డు దాకా ఉంటే సాయంత్రానికి పడవలు చేరిపోతాయి. డ్రోన్‌ని దాని వెంట నడిపించింది. బ్యాటరీ ఇంకో నాలుగు నిమిషాలు వస్తుంది. గీత వెడల్పవుతోంది, మళ్లీ సన్నబడుతోంది, మళ్లీ…

అచొలా చేతిలోని ఫోన్ మోగింది. నాషోన్ గొంతు చెవులు పగిలేలా వినిపించింది.

"దించెయ్! అమ్మా, దించెయ్! విమానమొస్తోంది! ఆసుపత్రి విమానం, ఇప్పుడే అంబులెన్సు వాళ్లొచ్చి చెప్పారు! సరస్సు మీంచే వస్తోంది!"

శబ్దం అప్పటికే వినిపిస్తోంది. అపొండి తలెత్తింది. తెల్లటి చిన్న విమానం నీళ్ల మీదుగా బాగా కిందికి దిగుతూ, సరిగ్గా ఆ తూర్పు వైపే వస్తోంది. డ్రోన్‌ని వెనక్కి తెద్దామంటే విమానం దారికి అడ్డంగానే తేవాలి. అలాగే ఉంచి ఇంకా కిందికి దించితే తప్పుకుంటుందేమో. తప్పుకోకపోతే? నల్లగీత చివర ఇంకా కనపడలేదు.

"వదినా, ఇంకొంచెం. ఇంకొంచెం చూడు!"

అపొండి బొటనవేలు మోటార్లు ఆపేసే స్విచ్ మీద ఉంది. మూడు సెకన్లు పట్టిందో, ఐదు సెకన్లు పట్టిందో తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా తేల్చుకోలేకపోయింది. నొక్కింది. తెర మీద ఆకాశం, ఆకు, ఆకాశం గిర్రున తిరిగి నల్లబడిపోయింది.

విమానం ఒక్కసారిగా ముక్కు పైకెత్తి గర్జిస్తూ రేవు మీదుగా వెళ్లిపోయింది. పెద్ద చుట్టు తిరిగి వచ్చి దిగేసరికి పది నిమిషాలైంది. రన్‌వే పక్కన అంబులెన్సులో కాన్పు కష్టమై రక్తం పోతున్న ఒక పిల్ల ఎదురుచూస్తోంది. ఆ పిల్లని ఎక్కించుకుని విమానం వెళ్లిపోయింది. తల్లీ బిడ్డా బతికారని రెండు రోజుల తర్వాత తెలిసింది.

అచొలా చేతి మీది అంకెలు పట్టుకుని పడవలు బయల్దేరాయి. దారి తెలియదు కాబట్టి దగ్గరి ఒడ్డు నుంచి నేరుగా నరుక్కుంటూ పోయారు. చీకటి పడేదాకా నరికి, వెలుగు రాగానే మళ్లీ మొదలుపెట్టారు. ముసెంబి మొదటి పడవలోనే ఉన్నాడు. శుక్రవారం తొమ్మిదింటికి చేరారు. ఒబుయా అయియెకో తలని ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. తెల్లవారేముందు పోయాడని చెప్పాడు. తిరిగొచ్చేటప్పుడు ఆ నల్లగీత వెంటే వచ్చారు. అది మెలికలు తిరిగి తూర్పు రెల్లుపొదల దగ్గర ఒడ్డుకి తెరుచుకుంది. గంటకి తక్కువే పట్టింది.

అపొండిని ఆ మధ్యాహ్నమే స్టేషనుకి పిలిచి కేసు రాశారు. కాగితం రాస్తున్నంతసేపూ ముసెంబి ఆమె ముఖం చూడలేదు.

కోర్టులో విమానం నడిపిన న్యోకాబి అనే ఆవిడ సాక్ష్యం చెప్పింది. అపొండి వయసే ఉంటుంది. మాటలు కటువుగా ఉన్నాయి. "బాగా తక్కువ ఎత్తులో వస్తున్నాను. ఎదురుగా నల్లటి వస్తువు కనిపించింది, పైకి లేపేశాను. అలాంటిది ఇంజనులో పడితే నేనూ నర్సూ ఆ ఆకులోనే ఉండేవాళ్లం. ఆ పిల్ల అంబులెన్సులోనే పోయేది. ఆవిడ కష్టం నాకు తెలుసు. అయినా నాకు కోపం పోలేదు."

మేజిస్ట్రేటు ఇంకేమైనా చెప్పాలా అని న్యోకాబిని అడిగాడు. 

"ఆవిడ కాపలాదారుకి ఫోన్ చేసిందట. నేను వస్తున్నట్టు అతనికి ఎవరూ చెప్పలేదు. ఆవిడ ఎగరేస్తున్నట్టు నాకు చెప్పే దారి అతనికి లేదు. లాడ్జి వాళ్లు ఎగరేస్తే మా ఆఫీసుకి మెసేజ్ వస్తుంది, ఆ నంబరు వాళ్ల దగ్గరుంది. ఈవిడకి ఎవరిచ్చారు?"

అపొండి వంతు వచ్చినప్పుడు లేచి నిలబడింది. రాసుకొచ్చిన కాగితం మడిచి పక్కన పెట్టేసింది.

"ఆ గీత తప్పని నేననను సార్. విమానం శబ్దం విన్నప్పుడు నాకే గుండె ఆగిపోయింది. గీత అందరికీ ఒకటే అయితే, దాన్ని దాటడానికి తలుపు కూడా అందరికీ ఒకటే ఉండాలి. ఎవరికి ఫోన్ చెయ్యాలో చెప్పమని ఏడాది దాటింది అడిగి. అడిగింది సరదా కోసమే, నిజమే. సరదా మనుషులకి ఆ నంబరు ఇచ్చుంటే మంగళవారమే ఎగరేసేదాన్ని, ఆకాశం ఖాళీగా ఉన్న గంట చూసుకుని. అప్పటికి అయియెకో లేచి కూర్చునే ఉన్నాడు."

మేజిస్ట్రేటు కాగితాలు తిరగేశాడు. నేరం రుజువైందన్నాడు. పాత డ్రోన్‌ని ప్రభుత్వం ఉంచుకుంటుందని, మూడేళ్ల పాటు ఆమె ఏదీ ఎగరేయకూడదని తీర్పు చెప్పాడు. అర్జీ సంగతి తన పరిధిలోది కాదన్నాడు. బయట మెట్ల మీద న్యోకాబి ఎదురుపడింది. ఇద్దరూ ఒక్క క్షణం ఆగారు.  చేతులు కలుపుకుని విడిపోయారు.

ఆ శనివారం అపొండి తమ్ముణ్ణి తీసుకుని అయియెకో ఇంటికి వెళ్లింది. అంత్యక్రియలప్పుడు జనంలో మాట్లాడటం కుదరలేదు. అయియెకో భార్య సిల్ఫా పెరట్లో మొక్కజొన్న ఒలుస్తోంది. వాళ్లని చూసి స్టూళ్లు జరిపింది. ఒబుయా కూర్చోలేక పాక గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"అందరూ నాకు తలో రకంగా చెప్తున్నారు," అంది సిల్ఫా. "నువ్వు చెప్పు టీచరమ్మా. నువ్వు చూశావంటగా."

అపొండి ఏదీ దాచలేదు. నీలం పట్టా, చొక్కా, పైకి లేచిన చెయ్యి, నల్లగీత, విమానం, తన వేలు.

"అంటే దారి సగం కనపడింది నీకు."

"సగం కంటే ఎక్కువే కనపడింది."

"దించకపోయుంటే?"

"పొద్దుగూకేలోపు వెళ్లేవాళ్లం. ఆయన ఆసుపత్రిలో ఉండేవాడు. బతికేవాడో లేదో నాకు తెలీదు సిల్ఫా. బతికేవాడనే అనుకుంటున్నా."

సిల్ఫా చేతిలోని కంకి వైపు చూస్తూ కూర్చుంది. గింజలు ఒలవలేదు. తిడుతుందని, లేకపోతే ఏడుస్తుందని అపొండి అనుకుంది. రెండూ జరగలేదు.

"ఆ చెయ్యెత్తాడన్నావే. ఏ చెయ్యి?"

 ఆ బొమ్మ బొటనవేలు గోరంత ఉంది, చారలు చారలుగా ఉంది. అపొండి కళ్లు మూసుకుని వెతికింది. కుడి అని చెప్పాలనుకుంది. అలా చెప్తే ఆ మనిషికి కాస్త ఊరటగా ఉంటుందనీ అనిపించింది.

"తెలీదు," అంది. "కనపడలేదు."

సిల్ఫా తలూపింది. గోడ దగ్గరున్న ఒబుయా వైపు తిరిగింది.

"నువ్వు పక్కనే ఉన్నావుగా. నువ్వు చెప్పు."

"ఎడమదమ్మా," అన్నాడు ఒబుయా. "కుడి చెయ్యి నేను పట్టుకునున్నా."